గుడ్లు పెట్టే కాలంలో నదిలో క్రాపీని ఎక్కడ వెతకాలి, ఎలా వెతకాలి

మార్చి వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల గాలం వేసే మనవాళ్లు క్రాపీ అనే మంచినీటి చేప గురించి అడిగేది ఒకటే: "లేక్‌లో అయితే డాక్‌ల కింద క్రాపీ పడుతోంది. నదికి వెళ్తే శాండ్ బాస్ అనే ఇంకో చేప తప్ప ఇంకేమీ రావట్లేదు. అసలు నదిలో క్రాపీ ఉంటుందా?" ఉంటుంది, బోలెడు ఉంటుంది. మీరు నిలబడిన చోటికి చాలాసార్లు ముప్పై నలభై అడుగుల దూరంలోనే ఉంటుంది. కాకపోతే మీ వీపు వైపు.

ఏరు, గుడ్లు, ఎదురీత అనగానే మన మనసు గోదావరి పులస మీదికి పోతుంది. వరద నీటికి ఎదురీది వచ్చే చేపను చూసిన కళ్లతో క్రాపీని వెతికితే దొరకదు. పారే నీరంటే దానికి గిట్టదు. నదిలో నుంచి పక్కకు తప్పుకుని, నీరు నిలిచిన మూల చూసుకుని, కర్రల మధ్య గుడ్లు పెడుతుంది. కాబట్టి ముందు నిలిచిన నీరు, తర్వాత వెచ్చదనం, తర్వాత కర్ర, చివరికి లోతు. ఈ వరస తప్పకుండా వెతికితే చాలు.

ఉదాహరణకు నేను ఎల్మ్ ఫోర్క్‌ను తీసుకుంటున్నాను. ట్రినిటీ నదికి చెందిన ఈ పాయ రే రాబర్ట్స్ డ్యామ్ కింద నుంచి లూయిస్‌విల్ లేక్ తల దాకా అడవి మధ్య పారుతుంది. 380 రోడ్డు దగ్గర, ఎఫ్ఎం 428, ఎఫ్ఎం 455 రోడ్ల దగ్గర స్టేట్ పార్క్ వాళ్ల నది వెంబడి అడవి పట్టీ అయిన గ్రీన్‌బెల్ట్‌లోకి దిగే చోట్లు ఉన్నాయి. లావన్‌కు ఎగువన ఈస్ట్ ఫోర్క్, టవాకోనీకి ఎగువన సబీన్, హ్యూస్టన్ వాళ్లకు లివింగ్‌స్టన్‌కు ఎగువన ట్రినిటీ, ఎక్కడైనా పద్ధతి ఇదే.

కావలసినవి

- లైసెన్స్. టెక్సస్‌లో 17 ఏళ్లు నిండిన దాదాపు ప్రతి ఒక్కరికీ ఉండాలి. మామూలు ఏడాది లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. మీరు ఎప్పుడు కొన్నారన్నది కాదు, ఆ తేదీయే లెక్క. స్టేట్ పార్క్ హద్దుల లోపల, ఒడ్డు మీద నుంచి పట్టేవాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు గ్రీన్‌బెల్ట్ నేను చెప్పడానికి అదొక కారణం. పార్క్ ప్రవేశ రుసుము మాత్రం కట్టాలి.
- పొడవాటి, తేలికైన రాడ్. 8 నుంచి 10 అడుగులది ఉంటే ఎరను కొమ్మల మధ్య నిలువుగా దింపవచ్చు. మీ దగ్గర ఆరున్నర అడుగుల మామూలు స్పిన్నింగ్ రాడ్ ఉంటే దానితోనే మొదలుపెట్టండి, కొత్తది కొనక్కర్లేదు.
- 6 పౌండ్ల లైన్. పడిపోయిన చెట్లు ఎక్కువగా ఉన్న చోట 8 పౌండ్లు.
- సన్నని తీగతో చేసిన, కాడ పొడవున్న గాలాలు, 4 లేదా 2 నంబరు. దుంగకు తగులుకుంటే మెల్లగా లాగండి. తీగ సాగి గాలం విడిపోతుంది, వేలితో మళ్లీ వంచుకోవచ్చు. లావు గాలమైతే లైన్ తెగడం తప్ప దారి లేదు.
- జిగ్‌లు, అంటే తలకు సీసం బరువున్న గాలపు ఎరలు, ఔన్సులో 16వ వంతు, 32వ వంతు బరువున్నవి. బురద నీటికి నలుపు–చిలకపచ్చ కలిసినవి, తేట నీటికి తెలుపు లేదా బూడిద రంగు. ఇంతకన్నా రంగుల జోలికి పోవద్దు. షాపులో గోడ నిండా ఉండే ఆ రంగులన్నీ చేపల కంటే మనల్ని పట్టడానికే ఎక్కువ పనికొస్తాయి.
- బతికున్న మిన్నోలు (ఎరగా వాడే చిన్న చేపలు), వాటికి బకెట్. జిగ్‌కు ప్రత్యామ్నాయం. నీళ్లు చల్లగా ఉన్న రోజుల్లో మిన్నోదే పైచేయి.
- సన్నగా, నిలువుగా ఉండే స్లిప్ బాబర్, అంటే లైన్ మీద జారుతూ, లైన్‌కు కట్టిన ముడి దగ్గర ఆగే బెండు. కోడిగుడ్డంత గుండ్రటి బెండు వద్దు. ఎందుకో కింద చెబుతాను.
- దారం కట్టిన చిన్న థర్మామీటర్. దీన్ని మాత్రం మానకండి. మిగతా సామాను అంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.
- పోలరైజ్డ్ కళ్లద్దాలు, కొలబద్ద, బురదలో దిగడానికి పొడవాటి బూట్లు.

వల తీసుకెళ్లకండి. క్రాపీ టెక్సస్‌లో గేమ్ ఫిష్. రాడ్డు, లైనుతో తప్ప పట్టకూడదు. విసురు వలలో పడినా వదిలేయాలి. మన ఊళ్లో వల వేసిన అలవాటుతో ఇక్కడ ఇబ్బంది పడవద్దు.

1. ఇంట్లో ఉండగానే నది మట్టం చూడండి

యూఎస్‌జీఎస్ (నదుల నీటిమట్టం కొలిచే అమెరికా ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో మీరు వెళ్లే నదికి గేజ్, అంటే మట్టం కొలిచే సాధనం, ఉంటే గేజ్ ఎత్తు, ప్రవాహం కనిపిస్తాయి. అంకె ఎంతన్నది మొదట్లో మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. గత వారం గీత ఎటు పోతోందో చూడండి.

గీత సమంగా ఉంటే మంచి రోజు. మెల్లగా పైకి పోతుంటే ఇంకా మంచిది. కొత్తగా మునిగిన పొదల్లోకి క్రాపీ ఎక్కి వస్తుంది. నిట్టనిలువుగా పైకి లేస్తుంటే, అంటే పైన వాన కురిసిందో డ్యామ్ గేట్లు తెరిచారో అయితే, ఇంట్లోనే ఉండండి. గ్రీన్‌బెల్ట్ దారులు వరదలో మూసేస్తుంటారు కూడా, పార్క్ పేజీ ఒకసారి చూసుకుని బయలుదేరండి. గీత జారిపోతుంటే చేపలు లోపలి మూలలు వదిలి బయటి లోతులోకి వస్తాయి. ఆ రోజు 7వ మెట్టుతో మొదలుపెట్టండి.

2. మ్యాప్‌లో నిలిచిన నీటికి గుర్తులు పెట్టుకోండి

ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి నది వెంట వేలు జరుపుతూ పోండి. వెతకాల్సినవి నాలుగు రకాలు.

వాగు వచ్చి నదిలో కలిసే చోటు మొదటిది. నాకు ఒకే చోట వెతకమంటే ఇదే ఎంచుకుంటాను. నది నీరు వాగు నోట్లోకి ఎదురు తన్ని నిలుస్తుంది. అక్కడి నుంచి వాగులోకి వెళ్తే వచ్చే మొదటి వంపు వరకూ క్రాపీ ఆగి, సమయం చూసుకుని లోపలికి పోతుంది. వంపులో బయటి వైపు లోతు ఉంటుంది, లోపలి వైపు మెరక. చల్లని రోజుల్లో బయటి వైపు, వెచ్చబడ్డాక లోపలి వైపు.

రెండోది, నది వదిలేసిన పాత పాయ. కొడవలి ఆకారంలో కనిపిస్తుంది. దానికీ నదికీ నీటి సంబంధం ఉండాలి. ఒక చివరనైనా నీళ్లు కలుస్తుంటేనే లెక్క. మ్యాప్‌లోని బొమ్మ ఏ కరువు నాటిదో, ఏ వరద నాటిదో తెలియదు కాబట్టి వెళ్లి కళ్లతో చూసేదాకా నమ్మకండి.

మూడోది, నది లేక్‌లో కలిసే ముందు వెడల్పయ్యే భాగంలోని పక్క మడుగులు, మునిగిన మోడులు. నాలుగోది వంతెన స్తంభాల వెనక, పెద్ద దుంగల గుట్టల వెనక ఏర్పడే చిన్న సుడి నీరు. ఇది గుడ్లు పెట్టే చోటు కాదు, ఆగి ఊపిరి పీల్చుకునే చోటు. తక్కిన మూడూ అందుబాటులో లేకపోతే దీన్ని పట్టుకోండి.

హెచ్చరిక: ప్రయాణయోగ్యమైన నది అడుగు ప్రజలదే అయినా ఒడ్డు చాలా చోట్ల ప్రైవేటు భూమి. చెట్ల మీద, కంచె గుంజల మీద ఊదారంగు పెయింట్ పట్టీ కనిపిస్తే టెక్సస్‌లో దానర్థం "లోపలికి రావద్దు" అనే. బోర్డు లేదు కదా అని దాటకండి.

3. చేరగానే గాలం వేయకండి, రెండు పనులు చేయండి

నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. గంట తర్వాత చూస్తే నీరు పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. గేజ్ చెప్పినదాన్ని మీ మడుగులో సరిచూసుకోవడానికి ఇంతకన్నా సులువైనది లేదు. మీరు నిలబడిన మెరకకూ కారుకూ మధ్య నీరెక్కుతుందేమో ముందే తెలిసిపోవడం దీనితో వచ్చే అసలు లాభం.

తర్వాత థర్మామీటర్. నీటి పైన కాదు, రెండు అడుగుల లోతుకు దింపి రెండు నిమిషాలు ఉంచండి. మధ్యాహ్నపు ఎండకు పైన అంగుళం నీరు వెచ్చగా ఉండి మోసం చేస్తుంది. నదిలో ఒకసారి, పక్క మడుగులో ఒకసారి కొలవండి. మడుగు మూడు నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉంటే ఇక నదివైపు చూడాల్సిన పనే లేదు.

ఫారన్‌హీట్‌లో లెక్క ఇది:

- 50 నుంచి 55: ఇంకా లోపలికి రాలేదు. వాగు నోటి దగ్గర, 6 నుంచి 12 అడుగుల లోతులో గుంపుగా ఆగి ఉంటాయి.
- 56 నుంచి 60: మగవి మెరకకు వచ్చి గూడు చోటు చూసుకుంటాయి. ఆడవి పక్కనే కాస్త లోతులో.
- 60 నుంచి 68: గుడ్లు పెట్టే అసలు రోజులు.
- 70 దాటితే: చాలావరకు అయిపోయింది. వచ్చిన దారినే వెనక్కి.

అన్నీ ఒకేసారి రావు. ఒక గుంపు పెట్టి పోతుంటే మరో గుంపు వస్తుంది. అందువల్ల మూడు నాలుగు వారాలు ఏదో ఒక మూల పని జరుగుతూనే ఉంటుంది. ఉత్తర టెక్సస్‌లో ఇది సుమారుగా మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు, అంటే ఉగాదికి అటూ ఇటూ. రెడ్‌బడ్ చెట్లు ఆకుల కంటే ముందే గులాబీ పూలతో నిండిపోయే రోజులు. హ్యూస్టన్ వైపు ఇంకా ముందే, షికాగో వైపు ఏప్రిల్ చివర నుంచి మే దాకా. తేదీ ఊరిని బట్టి మారుతుంది, డిగ్రీలు మారవు.

4. ఎండ తగిలే ఒడ్డు ఎంచుకోండి

మడుగుకు ఉత్తరపు ఒడ్డు ముందు వెచ్చబడుతుంది. దక్షిణం నుంచి వచ్చే ఎండ దాని మీదే పడుతుంది, చల్లటి ఉత్తర గాలి దానికి తగలదు. సీజన్ మొదట్లో ఈ ఒక్క తేడాతోనే ఒక ఒడ్డు నిండుగా, ఎదురొడ్డు ఖాళీగా ఉంటుంది. ఆ రోజుల్లో పొద్దున్నే లేచి పరుగెత్తడం కంటే మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్లడమే మేలు. శనివారం ఇడ్లీ తిని తీరిగ్గా బయలుదేరవచ్చు. ఏప్రిల్‌లో నీళ్లు అంతటా వెచ్చబడ్డాక ఈ నియమం సడలుతుంది, అప్పుడు పొద్దునే మంచిది.

5. కర్ర వెతకండి, కర్రలో చోటు వెతకండి

పడిపోయిన చెట్టు, మునిగిన పొద, మోడు, వేళ్ల గుట్ట, వీటిలో ఏదో ఒకటి లేని మెరక దాటేయండి. అడుగు మెత్తటి బురద కాకుండా కాస్త గట్టిగా, ఇసుకో గులకో గట్టి మట్టో వేళ్లో ఉండాలి. రాడ్ కొనతోనో పుల్లతోనో పొడిచి చూడండి. పుల్ల జానెడు దిగిపోతే ముందుకు పదండి.

చెట్టు దొరికిందనుకోండి. ఆ చెట్టంతా చేపలుండవు. నీరు కాస్తయినా కదులుతుంటే దుంగకు దిగువ వైపు, నీడ పడే చోట చూడండి. ఒడ్డు నుంచి నదిలోకి పడిన చెట్టయితే ఒడ్డు దగ్గరి లావు మొదలు కంటే, కొమ్మలు చీలే భాగం ఎక్కువగా పట్టిస్తుంది. వేర్లతో సహా పెకిలి పడ్డ చెట్టుకు వేర్ల వెనక చిన్న గుంట ఏర్పడుతుంది. దాన్ని అందరూ వదిలేసి పోతారు, మీరు వదలకండి.

నీరు తగలకుండా, బురదలో అడుగుల చప్పుడు లేకుండా దగ్గరికి వెళ్లండి. రెండు అడుగుల నీటిలో ఉన్న చేప మీ నీడకే జడుస్తుంది. ఇక్కడే పొడవాటి రాడ్ పనికొచ్చేది.

హెచ్చరిక: ఇదే ఎండకు, ఇదే దుంగల మీదికి కాటన్‌మౌత్ అనే విషపు పాములు కూడా వస్తాయి. చేయి పెట్టేముందు, కాలు వేసేముందు చూడండి. మూడేసి ఆకులతో చెట్లకు పాకే తీగ కనిపిస్తే ముట్టుకోకండి, తాకితే చర్మం దురద పెట్టే పాయిజన్ ఐవీ అయి ఉండవచ్చు. కయాక్‌లో వెళ్తే లైఫ్ జాకెట్ వేసుకోండి, పిల్లలకు 13 ఏళ్లలోపు అది చట్టం కూడా. గ్రీన్‌బెల్ట్‌లో నదికి అడ్డంగా చెట్లు పడి ఉంటాయి, ప్రవాహంలో వాటి మీదికి కొట్టుకుపోతే కయాక్ కిందికి పోతుంది.

6. లోతు పైనుంచి కిందికి వెతకండి

ముందు నీటి తేట కొలవండి. తెల్ల జిగ్‌ను మెల్లగా దింపుతూ అది కంటికి కనిపించకుండా పోయే చోట లైన్‌ను వేళ్లతో పట్టుకుని పైకి తీయండి. తడిసిన లైన్ అడుగులోపే ఉంటే బురద నీరు: చేప ఒకటి నుంచి మూడు అడుగుల లోతులో ఉంటుంది. మూడు అడుగుల దాకా కనిపిస్తే తేట నీరు: నాలుగు నుంచి ఆరు, కొన్నిసార్లు ఎనిమిది అడుగులు. ఎల్మ్ ఫోర్క్‌లో వాన పడ్డాక మొదటిదే ఎక్కువ.

స్లిప్ బాబర్ ముడిని ఒకటిన్నర అడుగుల దగ్గర పెట్టి మొదలుపెట్టండి. కొమ్మ పక్కన దింపి ఇరవై ముప్పై సెకన్లు కదపకుండా ఉంచండి. అక్కడే మూడు నాలుగు సార్లు, కొమ్మకు అటూ ఇటూ. పడకపోతే ముడిని లైన్ మీద ఇంకో అడుగు పైకి జరిపి ఎరను అంత కిందికి దింపండి. అడుగు తగిలేదాకా ఇలా వెళ్లండి.

కింది నుంచి పైకి ఎందుకు కాదంటే, క్రాపీ కళ్లు పైకి చూస్తాయి. తల పైన ఉన్న ఎర కోసం పైకి వస్తుంది, పొట్ట కింద ఉన్నదాన్ని పట్టించుకోదు. అడుగు ఎక్కువైనా పైన ఉండనివ్వండి, కింద మాత్రం వద్దు.

ఇక బెండు సంగతి. క్రాపీ కొరికితే బెండు ప్రతిసారీ గుబుక్కున మునగదు. చాలాసార్లు చేప ఎరను నోట్లోకి తీసుకుని పైకి లేస్తుంది. బరువు తగ్గిపోవడంతో నిలువుగా ఉన్న బెండు ఒరిగి నీటి మీద పడుకుంటుంది. మునిగేదాకా చూద్దామని కూర్చుంటే ఈలోపు ఉమ్మేసి పోతుంది. గుండ్రటి బెండు పడుకున్నా మీకు తేడా తెలియదు, సన్నటి బెండు వాడమన్నది అందుకే. పడుకోగానే రాడ్ కొనను మెల్లగా పైకి ఎత్తండి, అంతే. గట్టిగా గుంజితే దాని పల్చటి మూతి చిరిగి గాలం ఒక్కటే వస్తుంది.

7. పట్టిన చేపనే అడగండి

ఒకటి పడగానే బకెట్‌లో వేయడానికి తొందరపడకండి. చూడండి.

తల, రొమ్ము నల్లగా మాడినట్టుంటే అది గూడు కాస్తున్న మగది. గూళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి కదలకండి, అదే లోతులో చుట్టూ వేయండి. వరసగా నల్లవే పడుతుంటే ఆడవి దగ్గర్లోనే ఉన్నాయి: లోతు వైపు మొదటి జారుడు దగ్గర, రెండు మూడు అడుగులు ఎక్కువ దింపి వెతకండి.

రంగు తెల్లగా, పొట్ట గుండ్రంగా, నొక్కితే గట్టిగా ఉంటే ఇంకా గుడ్లు పెట్టని ఆడది. మీరు సరైన దారిలోనే ఉన్నారు, కొంచెం ముందొచ్చారు. నాలుగైదు రోజులాగి ఇదే మడుగులో ఇంకా లోపలికి వెతకండి.

పొట్ట వదులుగా, వేలాడుతున్నట్టుంటే పని ముగిసింది. మెరక వదలండి. వాగు నోటి వైపు, లోతు మొదలయ్యే అంచుకు, వంతెన స్తంభాల నీడకు రండి. నీటిమట్టం తగ్గుతున్న రోజు కూడా ఇక్కడే వెతకాలి.

వెండిలా మెరుస్తూ ఒంటి పొడవునా అడ్డగీతలుంటే అది క్రాపీ కాదు, శాండ్ బాస్. మీ ఎర ప్రవాహంలో ఉందని అర్థం. అదే నెలల్లో అవి గుడ్లకు నదిలోకి ఎక్కుతాయి, పారే నీటిలోనే ఉంటాయి. పట్టుకోవడానికి బాగుంటుంది, కాదనను. కానీ క్రాపీ కావాలంటే అక్కడి నుంచి నీరు నిలిచిన వైపు తిరగండి.

క్రాపీలో తెల్లది, నల్లది అని రెండు రకాలు. గుడ్ల కాలంలో తెల్లదాని మగది కూడా నల్లబడుతుంది కాబట్టి రంగు చూసి తేల్చకండి. వీపు రెక్క ముందు ముళ్లు లెక్కపెట్టండి. ఐదు, ఆరు ఉంటే తెల్లది, ఏడు, ఎనిమిది ఉంటే నల్లది. తెల్లది బురద నీటిని ఓర్చుకుంటుంది, నల్లదానికి తేట నీరు, నాచు ఇష్టం. మీకు ఏది ఎక్కువ పడుతోందో తెలిస్తే తర్వాత ఏ మడుగుకు వెళ్లాలో తెలుస్తుంది.

8. చలిగాలి వస్తే

మార్చిలో టెక్సస్‌లో ఒక రోజు 80, మర్నాడు 45. చలిగాలి వీచిన మర్నాడు మెరకలో ఏమీ ఉండదు. అవి లేక్‌కు పారిపోలేదు. అదే మెరకకు దగ్గర్లో, లోతుగా ఉన్న మొదటి కర్రకు జరిగి నోరు మూసుకుని కూర్చుంటాయి. జిగ్ తీసేసి చిన్న మిన్నో కట్టండి, కదపకండి, ఓపిక పట్టండి. వీలుంటే అసలు ఆ రోజు వదిలేసి రెండు మూడు రోజుల ఎండ తర్వాత రండి. సెలవు దొరికింది ఆ ఒక్క రోజే అంటే సరే, వెళ్లండి, కానీ వాగు నోటి లోతు దగ్గరే ఉండండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఒకే చోట పాతుకుపోవడం. కుర్చీ వేసుకుని, కూలర్ పెట్టుకుని, నాలుగు రాడ్లు గుచ్చి కూర్చునే పద్ధతి క్యాట్‌ఫిష్‌కు పనికొస్తుంది. క్రాపీకి కాదు. పావుగంటలో అన్ని లోతులూ చూసి ఏమీ లేకపోతే లేవండి. ఒకటి పడితే మాత్రం పాతుకుపోండి.

గాలి ఉష్ణోగ్రత చూసి బయలుదేరడం. చొక్కా చేతులు మడిచేంత ఎండ కాసినా నది నీరు 52 దగ్గరే ఉండవచ్చు.

పోయినేడు పట్టిన చెట్టు దగ్గరికే నేరుగా వెళ్లడం. వరదకు చెట్లు కదిలిపోతాయి, మడుగులు పూడుతాయి. పాత చెట్టును ఒకసారి చూడండి, లేకపోతే 2వ మెట్టుకు వెళ్లండి.

పక్కవాళ్లు పట్టే చోటికి దూరడం. అది మర్యాద కాదన్నది ఒకటి. రెండడుగుల నీటిలో ఇద్దరి అలికిడికి ఇద్దరికీ పడవన్నది ఇంకొకటి.

మిన్నో బకెట్ నీళ్లు ఒక చోట నుంచి మరో చోటికి మోయడం. రే రాబర్ట్స్, లూయిస్‌విల్ రెండింటిలోనూ జీబ్రా మసెల్ అనే గుల్ల జీవి ఉంది, దాని పిల్లలు కంటికి కనిపించవు. తిరిగి వచ్చేటప్పుడు బకెట్, కయాక్ నీళ్లన్నీ అక్కడే నేల మీద వంచేసి ఆరబెట్టండి. పడవలోని నీరు ఖాళీ చేయడం టెక్సస్ నిబంధన కూడా.

సరైన చోటే వెతికారని సరిచూసుకోవడం

చేప పడని రోజు కూడా కింది వాటికి మీ దగ్గర జవాబు ఉండాలి:

- మడుగు నీరు రెండడుగుల లోతులో ఎన్ని డిగ్రీలు? నది కంటే ఎంత తేడా?
- పుల్ల ప్రకారం నీరు పెరిగిందా, తగ్గిందా?
- జిగ్ ఎంత లోతులో మాయమైంది?
- ఎన్ని చెట్ల దగ్గర అన్ని లోతులూ చూశారు?

నీరు 60 పైన, మట్టం నిలకడగా ఉండి, కర్రలున్న నాలుగైదు చోట్ల పైనుంచి అడుగు దాకా వెతికినా ఏమీ లేదంటే ఆ మడుగును పక్కన పెట్టేయండి. దానికీ నదికీ సంబంధం తెగిపోయి ఉండవచ్చు, అడుగు అంతా బురదే అయి ఉండవచ్చు. నీరు 55 లోపే అంటే మడుగును తప్పు పట్టకండి, వారం తర్వాత మళ్లీ రండి. ఈ జవాబులు ఫోన్‌లో ఫోటోతో పాటు రాసి పెట్టుకుంటే వచ్చే ఏడు మీకు ఎవరినీ అడగాల్సిన అవసరం ఉండదు.

ఇంటికి తెచ్చుకునే ముందు

టెక్సస్‌లో సాధారణ పరిమితి మనిషికి రోజుకు 25, రెండు రకాలూ కలిపి. కనీసం 10 అంగుళాల పొడవుండాలి. నోరు మూసి, తోక రెండు చీలికలూ దగ్గరికి నొక్కి కొలవాలి. శాండ్ బాస్‌కు కూడా ఇదే 25, ఇదే 10. కొన్ని లేక్‌లకు వేరే లెక్కలున్నాయి, పైగా నిబంధనలు మారుతుంటాయి. బయలుదేరే ముందు రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల అవుట్‌డోర్ యాన్యువల్ యాప్ చూడండి. ఇతర రాష్ట్రాల్లో అంకెలు పూర్తిగా వేరు.

25 పట్టవచ్చు కదా అని ఒకే చెట్టు కింద గూడు కాస్తున్న నల్ల మగవాటినే వరసగా ఏరుకుపోవడం నాకు నచ్చదు. చట్టం అడ్డురాదు, కానీ కాపలా పోయిన గూట్లో గుడ్లు పక్క చేపలకు మేత అవుతాయి. ఒక కూరకు సరిపడా తీసుకుని చోటు మార్చండి.

డాలస్, ఫోర్ట్‌వర్త్ ఊళ్ల గుండా పారే ట్రినిటీ భాగాల్లో పట్టిన చేపలు తినడంపై రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరికలున్నాయి. పీసీబీ అనే రసాయనాలు దానికి కారణం. మీరు పట్టే భాగం ఆ జాబితాలో ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసి, ఉంటే వదిలేయండి, ముఖ్యంగా ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే.

ఐస్ మీద తెచ్చి అదే రోజు శుభ్రం చేయండి. పులుసు పెడదామని చాలామంది అడుగుతారు. క్రాపీ కండ మెత్తన, గరిటె తగిలితే విడిపోతుంది. తప్పదనుకుంటే చింతపండు పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పుతూ ఐదారు నిమిషాల్లో దించేయండి. నన్నడిగితే ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేపుడే.